పది వారాలు పోతరా, ఒక్కపూట పోయొస్తరా?

ఏటా డిసెంబర్ 3 వస్తది. అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం. మండల కేంద్రంల టెంట్ ఏస్తరు, మైకు పెడుతరు, కుర్చీలాట ఆడిస్తరు. భవిత సెంటర్ పిల్లల తలకు రంగు కాయిదం టోపీలు పెట్టి, సినిమా పాటకు నాలుగు స్టెప్పులు ఏపిస్తరు. ముఖ్య అతిథి రెండు గంటలు లేటుగ వస్తడు. వీళ్లు దేవుని బిడ్డలని మాట్లాడి, అరటిపండ్లు పంచి పోతడు. పొద్దటి నుంచి కూసోబెట్టిన పిల్లలు అప్పటికే తలకాయలు ఏలాడేసి ఉంటరు.

ఈ మధ్య ఈ తంతుకు ఇంకోటి తోడైంది. డిగ్రీ, బీఈడీ కాలేజీల నుంచి వాలంటీర్లు వచ్చి ఈ పిల్లలతోని నాటికలు ఏపిస్తున్నరు. పొద్దుగాల వచ్చి, మాపటికి ప్రదర్శన పెట్టి, రీల్స్ తీసుకొని బస్సెక్కుతున్నరు. వచ్చెటోళ్ల మనసు మంచిదే. నాటకం కూడ మంచిదే. ఇంకా చెప్పాలంటె, ఆ పిల్లలకు మన బడి ఇయ్యలేనిది నాటకం ఇస్తది. గాని ఒక్కపూటల ఇయ్యది. ఒక్కపూట పోయొచ్చుడు వల్ల కొన్నిసార్లు నష్టం కూడ అయితది. తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, జర ఓపికతోని చదవండి. పోయేది మీరే కాబట్టి మీకే చెప్తున్న.

ముందుగాల ఒక మాట. మీ మండలంల భవిత సెంటర్ ఏడుందో తెలుసా? వైన్స్ ఏడుందో తెలుసు, మీసేవ ఏడుందో తెలుసు. ఇది చానమందికి తెల్వది. సమగ్ర శిక్ష కింద నడిచే ఈ సెంటర్లు ఎక్కువగ మండల కేంద్రంల ఏదో ఒక సర్కారు బడి ఆవరణల ఉంటయి. ఒకటి రెండు గదులు, గోడల మీద రంగు బొమ్మలు, ఒక మూలకు వ్యాయామం సామాన్లు. ఐఈఆర్పీలు అని పిలిచే రిసోర్స్ టీచర్లు చూసుకుంటరు. ఫిజియోథెరపీ ఆయనకు వారంల ఒక దినం ఉంటది. మంచం మీదికెళ్లి లేవలేని పిల్లల ఇండ్లకు ఆ టీచర్లే పోయి చెప్పాలె. ఇన్ని పనులు చేసే ఐఈఆర్పీల కొలువు ఏందంటె, కాంట్రాక్టు.

2016ల వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం, 1995 చట్టంల ఏడు రకాలుగ ఉన్న వైకల్యాలను 21 చేసింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, చదువు రాతల్ల ఇబ్బంది పడే లెర్నింగ్ డిజబిలిటీ, కండరాలు క్షీణించే జబ్బు, తలసేమియా, అన్నీ అందుల ఉన్నయి. 6 నుంచి 18 ఏండ్ల దాక ఉచిత చదువు హక్కని ఆ చట్టమే చెప్తది. మరి హక్కు ఎంతవరకు అందింది? 2019ల యునెస్కో మన దేశం మీద ఒక నివేదిక తెచ్చింది. వైకల్యం ఉన్న ఐదేండ్ల పిల్లలల్ల నలుగురిల ముగ్గురు ఏ బడికీ పోతలేరు. 5 నుంచి 19 ఏండ్ల వయసు మొత్తంగ తీసుకుంటె నాలుగో వంతు మంది ఏ బడిలనూ లేరు. ఇగ బడిల పేరున్నోళ్ల సంగతి? పేరు రిజిస్టర్ల ఉంటది, పిల్ల ఇంట్ల ఉంటది. లేకుంటె ఎనుక బెంచీల ఉంటది.

ఎనుక బెంచీకి ఎందుకు పోతదో చూడండి. బడిల మాస్టర్ ప్రశ్న అడుగుతడు. జవాబు రావాలె. జల్ది రావాలె. నోటితోని రావాలె. సరైనదే రావాలె. ఈ నాలుగు షరతులల్ల ఒక్కటి తప్పినా ఆ పిల్ల మొద్దు, పిల్లగాడు పిచ్చోడు. 60 మంది ఉన్న క్లాసుల మాస్టర్ ఆగలేడు. ఆయనను అనేది కూడ ఏం లేదు, సిలబస్ ఆయన మెడ మీద కూసున్నది.

నాటకంల ఈ నాలుగు షరతులు పనిచెయ్యవు. అందుకే నాటకం.

ఒగ్గు కథ చూసినోళ్లకు ఇది తొందరగ సమజైతది. ముందటి ఒగ్గాయన కథ చెప్తడు. ఎనుకున్నోళ్లు వంత పాడుతరు, డోలు కొడుతరు, తాళం ఏస్తరు, నడుమ నడుమ ఊఁ కొడుతరు. ఆ ఊఁ లేకుంటె కథ ముందటికి నడవది. ఇప్పుడు మాట సరిగ రాని పిల్లగాన్ని ఊహించుకోండి. ఆయన నోట్లెకెళ్లి ఒక్క శబ్దమే వస్తది. బడిల ఆ శబ్దం తప్పు. కథల అదే శబ్దం ఊఁ. ఆయన ఊఁ అననీకి నిమిషం పడితె, కథ చెప్పేటామె ఆ నిమిషం ఆగుతది. ఆ ఆగుడే అసలు పని. ఆయన కోసం ప్రపంచం ఒక నిమిషం ఆగింది అనేది ఆ పిల్లగాడు అంతకుముందు ఎన్నడూ చూసి ఉండడు.

నడవరాని పిల్ల యాక్టింగ్ ఎట్ల చేస్తదని అడుగుతరు. చక్రాల కుర్చీల కూసున్న రాణి ఎందుకుండొద్దు? రాణి కూసునే ఉంటది గదా, నిలవడేది భటులు. చెవులు వినరాని పిల్లలున్న చోట మాట బంద్ పెట్టి చేతులతోని, మొఖంతోని కథ నడిపితె, అప్పుడు తడబడేది వాలంటీర్లే. కాసేపు ఆ తడబాటు మీకు రావాలె. మంచిది.

ఇది నా ఊహ కాదు, చేసి చూసినోళ్లున్నరు. అమెరికాల వాండర్‌బిల్ట్ యూనివర్సిటీల బ్లైత్ కార్బెట్ అనే పరిశోధకురాలు సెన్స్ థియేటర్ అనే పద్ధతి నడిపింది. 2016ల అచ్చైన ఆమె అధ్యయనంల 8 నుంచి 14 ఏండ్ల ఆటిజం పిల్లలు 30 మంది ఉన్నరు. 17 మందిని నాటకంలకు తీసుకున్నరు, పోల్చి చూడనీకి 13 మందిని ఆగమన్నరు. పది సార్లు కలిసిన్రు, సారికి నాలుగు గంటలు. ఆటిజం లేని తోటి వయసు పిల్లలకు ముందుగాల శిక్షణ ఇచ్చి, ఆ పిల్లలకు జోడీగ పెట్టిన్రు. అయిపోయినంక చూస్తె, నాటకంల ఉన్న పిల్లలు మొఖాలు గుర్తు పెట్టుకునుడుల, తోటోళ్లతోని కలిసి ఆడుడుల ముందటికి వచ్చిన్రు. పెద్ద డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన తోటి పిల్లలే అండగ ఉన్నరనేది ఇక్కడ చూడాలె. అట్లని దీన్ని మంత్రం లెక్క పట్టుకోవద్దు. 30 మంది చిన్న లెక్క. ఐక్యూ 70, ఆ పైన ఉన్నోళ్లనే తీసుకున్నరు. మన భవిత సెంటర్ల ఉండే చానమంది పిల్లలు ఆ లెక్కలకు రారు.

బ్రిటన్ నటి కెల్లీ హంటర్ ఇంకో దారి పట్టింది. షేక్స్‌పియర్ నాటకాల నుంచి ఆటలు తయారుచేసింది. మొదలువెట్టేది గుండె చప్పుడుతోని. పిల్లలు గుండ్రంగ కూసొని ఛాతి మీద చెయ్యితోని గుండె కొట్టుకున్నట్టు తడుతరు, ఆ లయ మీద హలో అంటరు. ఒకసారి కోపంగ, ఒకసారి భయంగ, ఒకసారి సంబురంగ. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ థియేటర్ విద్యార్థులు ఈ పద్ధతి నేర్చుకొని, టెంపెస్ట్ నాటకం మీద ఆటిజం పిల్లలతోని పని చేసిన్రు. మనకు షేక్స్‌పియర్ అక్కర లేదు. గుండ్రంగ తిరుక్కుంట ఒకే లయల సప్పట్లు కొట్టుడు బతుకమ్మ ఆడిన ప్రతి ఆడపిల్ల చేతులకు తెలుసు. ఆ లయనే పట్టుకోవచ్చు.

దగ్గరల చూస్తానంటె చెన్నై ఉన్నది. అంబికా కామేశ్వర్ 1989ల అక్కడ రాస అనే సంస్థ మొదలువెట్టింది. పాట, అడుగు, కథ, అభినయం కలిపి ప్రత్యేక అవసరాలున్న పిల్లలతోని ఏండ్లకేండ్లు పని చేసుకుంట వచ్చింది. ఏండ్లకేండ్లు అన్న మాట గుర్తు పెట్టుకోండి.

ఇంగ్లండ్ల ఆయిలీ కార్ట్ అని 1981 నుంచి ఉన్న ఒక బృందం ఉన్నది. చూపు, వినికిడి, కదలిక, బుద్ధి, అన్నిటిల తీవ్రమైన ఇబ్బందులున్న పిల్లల కోసం నాటకాలు చేస్తరు. ఒక్కసారికి కొద్దిమంది పిల్లలే ప్రేక్షకులు. వాసన, స్పర్శ, నీళ్లు, వెలుతురు, ఇవే డైలాగులు. ఈతకొలనుల, ట్రాంపొలీన్ మీద కూడ నాటకాలు చేసిన్రు. ఇది చదివినప్పుడు నాకు మన బోనాలు మతికొచ్చినయి. బోనం కథ చెప్పాలంటె మాటలే ఎందుకు? పసుపు వాసన చూపెట్టొచ్చు, యాపమండ చేతికియ్యొచ్చు, తడి కుండను చెంపకు ఆనియ్యొచ్చు. కథ అర్థమైందా అని పరీక్ష పెట్టొద్దు. చేతిల యాపమండ ఉన్నది గదా, అది చాలు.

మా దిక్కు ఒక సెంటర్ల చూసింది చెప్త. పదకొండేండ్ల పిల్లగాడు, మాట రాదు. శుక్కురారం శుక్కురారం డిగ్రీ పిల్లలు వచ్చెటోళ్లు. నాలుగు వారాలు ఆయన గోడ దిక్కు మొఖం పెట్టి కూసున్నడు. ఒక వాలంటీర్ అమ్మాయి ఆయన పక్కనే గోడకు మొఖం పెట్టి కూసునేది. రమ్మని గుంజలేదు, మాట్లాడియ్యలేదు. అయిదో వారం కథల వాన రావాలె. పాల డబ్బల కంకర ఏసి ఊపితె వాన. ఆ సప్పుడు విన్నడు, లేచిండు, డబ్బ గుంజుకున్నడు. ఇగ వాన ఆయనదే. ఆయనకు ఇష్టమైనప్పుడు పడేది, కథను ఎన్నిసార్లు ఆపాల్నో అన్నిసార్లు ఆపేది. టీచరమ్మ తెలివిగల్లది. ఆ డబ్బతోనే లెక్కలు షురూ చేసింది. రెండుసార్లు ఊపు, మూడుసార్లు ఊపు.

మాట వచ్చిందా అని అడిగేటోళ్లుంటరు. రాలేదు. సినిమాలల్ల చివరి సీన్ల అమ్మా అంటడు చూడండి, అసోంటిది జరగలే.

జరిగింది ఇంకోటి. ఏడో వారానికి సెమిస్టర్ పరీక్షలు వచ్చినయి. వాలంటీర్లు రాలేదు. రామని చెప్పలేదు కూడ. ఆ శుక్కురారం పిల్లగాడు డబ్బ పట్టుకొని గేటు కాడ నిలవడ్డడు. వచ్చే శుక్కురారం కూడ నిలవడ్డడు. మూడు వారాలకు వాళ్లొచ్చేసరికి డబ్బ ముట్టలేదు. మళ్ల గోడ. టీచరమ్మ లెక్కలు కూడ ఆడికే ఆగిపోయినయి.

ఆ పిల్లలు చెడ్డోళ్లు కాదు. పరీక్షలు ఎవలకైనా వస్తయి. గాని ఇసోంటి పిల్లలల్ల చానమందికి రేపు ఏం జరుగుతదో తెలిసి ఉండుడే ధైర్యం. రోజు మారితె, మనిషి మారితె, గది మారితె కాళ్ల కింద భూమి కదిలినట్టుంటది. కాబట్టి పోయేముందే లెక్క ఏసుకోండి. పది వారాలు అంటె పది వారాలు. అవే మొఖాలు, అదే దినం, అదే టైము. గోడ మీద పది గళ్లు గీసి, వచ్చిన వారమల్లా ఒక గడి రంగు నింపియ్యండి. పరీక్షల వారం ముందే తెలుస్తది, ఆ గడిల వాలంటీర్ బొమ్మ కొట్టేసి చూపెట్టండి. పదో వారం వీడ్కోలు చెప్పుడు కూడ ఆటల భాగమే. నేను అడిగేది ఎక్కువ కాదు, ఒక క్రికెట్ టోర్నీకి ఇచ్చేటంత టైము.

టైము లేదనొద్దు. మీ కాలేజీల ఎన్ఎస్ఎస్ యూనిట్ ఉంటది. 1969ల పెట్టిన పథకం. వాలంటీర్ ఏడాదికి 120 గంటలు, రెండేండ్లల్ల 240 గంటలు సేవ చెయ్యాలె. ఏడు దినాల స్పెషల్ క్యాంపు అదనం. ఆ 240 గంటలు ఏడ పోతున్నయో మీకే ఎరుక. ఊర్లె చీపుర్లు పట్టుకొని బ్యానర్ ముంగట ఫొటో, నాటిన మొక్క కాడ ఇంకో ఫొటో. వారానికి రెండు గంటలు సెంటర్ల, రెండు గంటలు తయారీకి అనుకుంటె పది వారాలకు 40 గంటలు. రిజిస్టర్ల ఇది కూడ సేవ కిందనే రాసుకోవచ్చు. ప్రోగ్రామ్ ఆఫీసర్‌ను అడగండి. అడిగితె కాదనే సారు నాకు ఇంతవరకు తగల్లేదు, అడిగే పిల్లలే తగల్లేదు.

ఇగ భాష సంగతి. స్కిట్ రాసుకొని వచ్చే వాలంటీర్లు పుస్తకం తెలుగుల రాసుకొస్తరు. "నాయనమ్మా, నాకు ఆకలిగా ఉన్నది, భోజనం వడ్డించుము." అసలే మాటలు కష్టంగ పట్టుకునే పిల్ల, ఇంట్ల ఎన్నడూ విననిది ఎట్ల పడుతది? ఆ పిల్లకు తెలిసింది "అవ్వా, ఆకలైతంది, బువ్వెయ్యి." బడి పిల్లలందరికీ ఈ గోస ఉన్నదే. మామూలు పిల్లలు ఎట్లనో ఒకట్ల రెండు భాషలు మోస్తరు. ఈ పిల్లల నెత్తి మీద రెండో మూట పెట్టొద్దు. లంబాడీ తండా పిల్ల అయితే గోర్ మాటనే రావాలె. కోయ, గోండు గూడేల సెంటర్లల్ల వాళ్ల మాట వచ్చిన వాలంటీర్ లేకుంటె ముందుగాల ఒకల్ని ఎతుకుండ్రి. వాళ్ల అమ్మనే కథ చెప్పమంటె ఇంకా మంచిది. వాలంటీర్లంటె ఇంగ్లిష్ మీడియం పిల్లలే ఉండాలెనా? ఊరి భాష, ఊరి ఆట తెలిసిన మీకే ఈ పని ఎక్కువ చాతనైతది.

నేర్పెటోళ్లు కూడ దూరం లేరు. చిందు యక్షగానానికి 2024ల పద్మశ్రీ అందుకున్న గడ్డం సమ్మయ్య జనగామ జిల్లా మనిషే. ఒగ్గు కథను లోకానికి చూపిన చుక్క సత్తయ్యదీ ఆ దిక్కే. మీ జిల్లాల కూడ ఒగ్గోళ్లు, చిందోళ్లు, శారద కథలోళ్లు, బుర్రకథలోళ్లు ఉంటరు. పని లేక కూలికి పోతున్నరు. కాలేజీ ఫంక్షన్‌కు డీజే పెట్టే పైసలల్ల సగం పెడితె ఒక కళాకారుడు పది వారాలు వస్తడు. ఉట్టిగ పిలవొద్దు, ఆయన కూలి ఆయనకియ్యాలె.

ఒక్క జాగ్రత్త. డప్పు, డోలు మనకు పాణం. కొంతమంది ఆటిజం పిల్లలకు ఆ సప్పుడు చెవులల్ల సూదులు గుచ్చినట్టు ఉంటది. ముందుగాల టీచరమ్మను అడగండి. వేలితోని మెల్లగ మొదలుపెట్టండి, డప్పును పిల్ల చేతికిచ్చి ఎంత సప్పుడు కావాల్నో ఆమెనే తేల్చుకోనియ్యండి. పారిపోనీకి తలుపు ఎప్పుడూ తెరిచి ఉండాలె. బయటికి పోయి మళ్ల వచ్చుడు తప్పు కాదు. రంగులు పూస్తె ఏడ్చే పిల్లకు మేకప్ అక్కర లేదు.

ఫిట్స్ వచ్చే పిల్లలు ఉంటరు, అది కూడ ముందే అడిగి తెలుసుకోండి. వచ్చినప్పుడు చేతిల తాళంచెవులు పెట్టుడు, నోట్లె చెంచ పెట్టుడు, గట్టిగ పట్టుకునుడు, ఇవేవీ చెయ్యొద్దు. పక్కకు తిప్పి పండుకోబెట్టాలె, తలకింద మెత్తగ ఏదన్న పెట్టాలె, టైము చూసుకోవాలె. ఐదు నిమిషాలు దాటితె 108కు ఫోన్ చెయ్యాలె. ఏ వాలంటీర్ కూడ పిల్లతోని ఒంటరిగ గదిల ఉండొద్దు. అనుమానించి చెప్తలేను. వైకల్యం ఉన్న పిల్లలు తమకు జరిగింది చెప్పుకోలేరని తెలిసే కొంతమంది దుర్మార్గులు వాళ్ల దగ్గరికి వస్తరు, అందుకే ఈ కట్టు అందరికీ ఉండాలె. బాత్రూం సాయం టీచరమ్మ, ఆయమ్మ చూసుకుంటరు.

ఫోన్ సంగతి కొంచెం గట్టిగ చెప్త. నోటికెళ్లి చొంగ కారుతున్న పిల్లగాని మొఖం మీద ఏడుపు పాట పెట్టి రీల్ ఏస్తె లైకులు వస్తయి. రేపు వాళ్లక్క పెండ్లి సంబంధం కాడ ఆ రీల్ ఎవడో తీస్తడు. ఊర్లల్ల ఇది జరిగే ముచ్చటనే. అమ్మానాయిన ఒప్పుకోకుండ మొఖం కనవడే ఫొటో తియ్యొద్దు. ఒప్పుకున్నా, పిల్ల తల తిప్పుకుంటె తియ్యొద్దు. ఫోన్లన్నీ ఒక బుట్టల ఏసి పెట్టుడు మంచిది.

ఇప్పుడు సర్కారు దిక్కు వస్త. నాకు ఎక్కువ భయం ఇక్కడ్నే ఉన్నది. వాలంటీర్లు మంచిగ పని చేస్తున్నరని తెలిస్తె, మన ఆఫీసర్లు ముందుగాల చేసేది దాన్ని నివేదికల రాసుకునుడు. తర్వాత చేసేది టీచర్ పోస్టు ఖాళీగ పెట్టుడు. విద్యా వాలంటీర్ల పేరు మీద ఇదే ఆట బడులల్ల ఏండ్లకేండ్లు చూసినం.

సుప్రీంకోర్టు 2021 అక్టోబర్‌ల రజనీష్ కుమార్ పాండే కేసుల, ఈ పిల్లలకు స్పెషల్ టీచర్లు ఎంతమందికి ఒకరుండాల్నో తేల్చుమని కేంద్రానికి చెప్పింది. 2022 సెప్టెంబర్‌ల కేంద్రం లెక్క తేల్చింది. 1 నుంచి 5 తరగతులల్ల పది మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక స్పెషల్ టీచర్, 6 నుంచి 8 దాక పదిహేను మందికి ఒకరు. రాష్ట్రాలు పోస్టులు మంజూరు చేయకుండ కాలం గడుపుతుంటె, 2025 మార్చిల కోర్టు మళ్ల గట్టిగ చెప్పాల్సి వచ్చింది. తెలంగాణ 2024 డీఎస్సీల మొత్తం 11,062 పోస్టులు. అందుల స్పెషల్ ఎడ్యుకేషన్ స్కూల్ అసిస్టెంట్లు 220, ఎస్జీటీలు 796. కలిపితె 1,016. అసలు లేనికాడ ఇది మేలే, కాదనను. గాని 26 వేల దాక సర్కారు బడులున్న రాష్ట్రం ఇది. ఆంధ్రల 2025ల 2,260 పోస్టులు మంజూరు చేసిన్రు. కాయిదం మీద మంజూరైన పోస్టు బడిల మనిషై నిలవడే దాక అడుగుతనే ఉండాలె.

ఇటు ఏండ్ల సంది ఈ పని మోస్తున్న ఐఈఆర్పీల సంగతి వేరే. 2024 డిసెంబర్‌ల సమగ్ర శిక్ష ఉద్యోగులు రెగ్యులర్ చెయ్యమని తెలంగాణ అంతట సమ్మె చేసిన్రు. కలెక్టరేట్ల ముంగట టెంట్లు ఏసుకొని కూసున్నరు. నేను పోయిన టెంట్ల ఒక టీచరమ్మ అడిగింది, "అన్నా, మేము ఇక్కడ కూసుంటె మా పిల్లలకు ఎక్సర్‌సైజ్ ఎవలు చేపిస్తరు? చేపియ్యకుంటె కాళ్లు మళ్ల బిగుసుకపోతయి." ఆ ప్రశ్నకు వాలంటీర్ జవాబు కాదు. ఫిజియోథెరపీ, స్పీచ్, చదువు చెప్పే పద్ధతి, ఇవి చదివి నేర్చుకున్నోళ్ల పని. మీరు డబ్బల వాన కురిపియ్యగలరు. ఆ వానను లెక్కలు చేసింది టీచరమ్మ. ఆమె పోస్టు పోతె మీ నాటకం పదో వారం తర్వాత గాలికి పోతది. కాబట్టి పోయిన వాలంటీర్లు ఇంకో పని కూడ చెయ్యాలె. ఆ సెంటర్ల ఎంతమంది పిల్లలు, ఎంతమంది టీచర్లు, ఫిజియోథెరపీ ఎన్ని దినాలు వచ్చింది, రవాణా భత్యం పడ్డదా లేదా, రాసుకోవాలె. సమాచార హక్కు దరఖాస్తు మీకు రాదా? వస్తది.

అమ్మల సంగతి మాట్లాడకుంటె ఈ ముచ్చట సగమే. పిల్లను సెంటర్‌కు తెచ్చేది ఎక్కువగ అమ్మ. ఆటోకు పైసలు, ఆ దినం కూలి పోతది. సాయంగ వచ్చే మనిషికిచ్చే ఎస్కార్ట్ భత్యం నెలల తరబడి రాకుంటె, నాట్ల దినాలల్ల పిల్ల ఇంట్లనే ఉండిపోతది. నాటకం ఉన్నదని ఇంకో దినం అదనంగ రమ్మంటె ఆమె ఎట్ల వస్తది? సెంటర్ ఉన్న దినమే, సెంటర్ టైములనే మీ ఆట పెట్టుకోవాలె. ఇంకో సంగతి. ఆ రెండు గంటలు ఆమె గోడకానుకొని కండ్లు మూసుకుంటె మూసుకోనియ్యండి. పిల్ల పుట్టిన కాడికెళ్లి ఆమెకు రెండు గంటలు ఎవలూ ఇయ్యలేదు.

మన తెలుగు నేల మీద నాటకం ఎత్తుకొని ఊర్లు తిరుగుడు కొత్తది కాదు. 1943ల పుట్టిన ప్రజానాట్యమండలి పిల్లలు కాలినడకన ఊర్లు తిరిగిన్రు, "మా భూమి" నాటకాన్ని పందిట్ల, కల్లంల, ఏడ జాగ దొరికితె ఆడ ఏసిన్రు. వాళ్లు జనానికి చెప్పనీకి పోయిన్రు, చెప్పాల్సింది ఉండె. భవిత సెంటర్‌కు పోయేటప్పుడు తేడా ఉన్నది. అక్కడ మీరు చెప్పేటోళ్లు కాదు. సందేశం తీసుకపోవద్దు. చేతులు కడుక్కోండి, చెట్లు నరకొద్దు, ఇసోంటి నీతులు ఆ పిల్లలకు రోజూ చెప్తనే ఉంటరు.

ఆఖరికి ప్రదర్శన పెట్టాల్నా? టీచర్లు కూడ పెట్టమనే అంటరు, పైనోళ్లకు చూపెట్టాలె గదా. నా లెక్కయితె పిల్లలు అడిగితె పెట్టాలె. పెడితె సెంటర్ వరండాలనే, వాళ్ల అమ్మలు, అన్నదమ్ములు, పక్క క్లాసు పిల్లలు ముంగట. పక్క క్లాసు పిల్లలు తప్పకుండ ఉండాలె. ఒక్కసారి వాన కురిపిచ్చేటోన్ని చూసిన పిల్లలు తెల్లారి బడి గేటు కాడ ఆయనను పిచ్చోడా అని పిలిచేముందు జర ఆలోచిస్తరు. అందరూ ఆలోచిస్తరని చెప్ప, కొంతమంది. దేవుని బిడ్డలు, దివ్యాంగులు అనే పెద్ద పేర్లకంటె అదే ఎక్కువ. పేరు మార్చుడు ఖర్చు లేని పని, అందుకే సర్కార్లకు ఇష్టం.

ఇంకో మాట, ఇది జబ్బుకు మందు అని చెప్పి ఎవలకూ అమ్మొద్దు. నాటకం ఆడితె నయమైతదని ఒక అమ్మకు ఆశ పెట్టి పోయినోళ్లను నేను క్షమించ. 2016 చట్టంల 29వ సెక్షన్ ఉన్నది, ఎవలూ చదువరు. వికలాంగులకు అందరితోపాటు సాంస్కృతిక జీవితంల, వినోదంల పాలు ఉన్నదని రాసి ఉన్నది. ఆడుకునుడు వాళ్ల హక్కు. లాభం వచ్చినా రాకున్నా హక్కే.

పోవాలనుకుంటె ముందుగాల ఎంఈఓ ఆఫీసుల అనుమతి కాయిదం తీసుకోండి. ఆ తర్వాత ఇద్దరు ముగ్గురే ఒకసారి పోయి, ఏం ఆడిపియ్యకుండ ఉట్టిగ కూసొని రండి. ఏ పిల్లకు ఏది ఇష్టం, ఏది భయం, ఎవలు ఏ మాట మాట్లాడుతరు, టీచరమ్మ దగ్గర రాసుకోండి. గుంపుల ఆరుగురికంటె ఎక్కువ వద్దు. ఏ దినం రావాల్నో ఆమెనే అడగండి. ఫిజియోథెరపీ ఉన్న దినం మాత్రం పెట్టుకోవద్దు, ఆ దినం పిల్లలు అలిసిపోయి ఉంటరు.